బరువు దించడం

కర్టెన్లు కుట్టే ఆవిడకి ఆ వీధిలో వేరే పేరు లేదు. కర్టెన్లావిడ అంటే చాలు, ఎవరైనా మూల ఇంటికే వేలు చూపిస్తారు. ముందు గదిలో కుట్టుమిషను, గుడ్డ పరిచి కత్తిరించుకునే పొడవాటి బల్ల, గోడకి చేరేసిన తానులు. వెనక గదిలో మంచం, మంచం పక్కన చక్రాల కుర్చీ, మంచం మీద భర్త. ఆ రెండు గదుల మధ్య గుమ్మానికి మాత్రం కర్టెన్ లేదు. ఊరందరి కిటికీలకీ కుట్టిపెట్టి సొంత గుమ్మాన్ని అలా వదిలేశావేమిటని ఎవరో ఒకసారి ఆట పట్టించారు. మిషను ముందు కూర్చుంటే ఆయన కనబడాలి కదా అంది ఆవిడ. 

ఆయన లిఫ్టు మెకానిక్కు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. లిఫ్టు బాగుచేశాక అది ఎంత మోస్తుందో చూడటానికి ఇసుక బస్తాలు ఎక్కించి పైకీ కిందకీ నడిపిస్తారు. ఎక్కడైనా ఒక బస్తా తక్కువ పడితే ఆయనే ఎక్కి నిలబడేవాడు. "బస్తా అయినా అబద్ధం చెబుతుందేమోగానీ నా ఒళ్లు చెప్పదు," అనేవాడు. పెళ్లిరోజు ఎప్పుడంటే బుర్ర గోక్కునేవాడు గానీ తన బరువెంతో అడిగితే ఠక్కున చెప్పేవాడు. వినీ వినీ ఆ అంకె ఆవిడకీ కంఠతా వచ్చేసింది.

అలాంటి మనిషికి ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయాయి. మాట కాస్త ముద్దగా అయినా మిగిలింది. వెటకారం మాత్రం చెక్కుచెదరలేదు. ఆస్పత్రి నుంచి తీసుకొచ్చిన రోజున చక్రాల కుర్చీని ఎగాదిగా చూసి, "దీనికి గ్రీజు పెట్టినవాణ్ణి పనిలోంచి తీసేయాలి," అన్నాడు.

మంచంలోంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూములోకి, మళ్లీ మంచంలోకి. రోజంతా ఇదే పని. ఆవిడ పొట్టి మనిషి. ఆయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, ఆడే చెయ్యి తన మెడ చుట్టూ వేయించుకుని, ఆయన నడుముకి కట్టిన పట్టీని రెండు చేతులా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క ఊపున లేపేది. ఆ పట్టీ ఆవిడే కుట్టింది, కర్టెన్ల పైఅంచు లోపల వేసే గట్టి గుడ్డతో. మొదట్లో ఆయన మంచికాలు కూడా కాస్త ఊతమిచ్చేది, లేపడం ఎలాగో అయిపోయేది. పేచీ అంతా దించడం దగ్గరే. లేపేటప్పటి ఊపు దించేటప్పుడు ఉండదు. సగం దూరం దిగేసరికి ఆవిడ తొడలు వణికేవి, చేతులు సడలేవి, ఆయన కుర్చీలో దభీమని కూలబడేవాడు. ఆ తర్వాత కూడా కాసేపు భుజం పట్టుకుని నిలబడాలి. లేకపోతే ఆయన కుడిపక్కకి ఒరిగిపోతాడు.

"పైకి లాగడం ఏ మోటారైనా లాగుతుందోయ్," అనేవాడు ఆయన, దెబ్బ తగిలిన నడుము సర్దుకుంటూ. "దిగేటప్పుడు ఆపే బ్రేకు ఉందే, దాంట్లో ఉంటుంది పనితనం. నీ బ్రేకులు అరిగిపోయాయి."

"మీరు జన్మంతా కాస్త తక్కువ తిని ఉంటే నా బ్రేకులు ఇంకొన్నాళ్లు ఉండేవి," అనేది ఆవిడ.

నవ్వుతూనే అనేది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు అంది. మొగుడూ పెళ్లాల మధ్య ఇలాంటి మాటలు వస్తుంటాయి, పోతుంటాయి. ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోరనే ఆవిడా అనుకుంది.

ఒక మధ్యాహ్నం కుర్చీ తప్పింది. ఆయన నేల మీద పడ్డాడు, ఆవిడ ఆయన మీద పడింది. లేపడానికి శాయశక్తులా ప్రయత్నించి, వల్లకాక, వీధిలోకి వెళ్లి ఇద్దరు మగవాళ్లని పిలుచుకొచ్చింది. పరాయివాళ్లు తనని బీరువాని ఎత్తినట్టు ఎత్తుతుంటే ఆయన గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. ఒక్క జోకు కూడా వేయలేదు.

సాయంత్రానికి కూతురు దిగింది. ముక్కుసూటి మనిషి. అదే ఊళ్లో కాపురం. ఇంట్లో అత్తమామలు, బయట ఉద్యోగం. క్షణం తీరికలేని పిల్ల.

"అమ్మా, ఇంకొక్కసారి నాన్న కింద పడితే నేను నిన్ను అడగను. హోమ్‌లో చేర్పించేస్తాను. అక్కడ మనుషులుంటారు, ఎత్తే మిషన్లుంటాయి."

"మీ నాన్నేమన్నా పాత సోఫానా, తీసుకెళ్లి ఎక్కడో పడేయడానికి?"

"ఈసారి ఇద్దరూ కలిసి తుంటి విరగ్గొట్టుకుంటే మిమ్మల్ని ఎవరు చూస్తారో చెప్పు. నేను చూడగలనా? చూడగలిగితే ఈ మాట అంటానా?"

 కూతురిది తప్పని ఎవరూ అనలేరు. ఆ హోమ్‌ని ముగ్గురూ కలిసి అంతకుముందే ఒకసారి చూసొచ్చారు. శుభ్రంగానే ఉంది. వరసగా మంచాలు, గోడ మీద టీవీ, దాన్ని చూడకుండా దానివైపు తిరిగి కూర్చున్న ముసలివాళ్లు. కూతురు వెళ్లాక ఆయన ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను అక్కడికి పంపకు," అన్నాడు. ఆయన వెటకారం లేకుండా మాట్లాడటం ఆవిడ అరుదుగా విన్నది. ఆ మాట ఆవిడ గుండెల్లో దిగబడిపోయింది. ఈయన్ని మళ్లీ పడనివ్వకూడదు, ఈ ఇల్లు దాటనివ్వకూడదు. ఇంక ఆవిడకి వేరే ఆలోచన లేదు.

సైకిళ్ల షాపు పైన ఒక పాత వ్యాయామశాల ఉంది. ఎదుటి మేడవాళ్లు గొడవ చేస్తున్నారని కిటికీలకి కర్టెన్లు కుట్టమని కబురొస్తే ఆవిడ టేపు తీసుకుని కొలతలకి వెళ్లింది. లోపల చెమట వాసన, తుప్పు వాసన. కుర్రాళ్లు ఇనుము ఎగరేసినట్టు ఎత్తి, ధనాధన్ కింద పడేస్తున్నారు. వాళ్ల మీద ఒక బక్కపల్చటి మాస్టారు కేకలేస్తున్నాడు.

"పడేయడానికైతే ఎత్తడం ఎందుకురా? అది కిందే ఉంది కదా మొదట్నుంచీ."

కుర్రాళ్లు ఆయన్ని చాటుగా నెమ్మది మాస్టారు అంటారు. ఎత్తేటప్పుడు ఒకటి, దించేటప్పుడు నాలుగు అంకెలు లెక్కపెట్టిస్తాడు. "ఎత్తడం సగం పనే. బరువుని ఆపుతూ ఆపుతూ దించుతున్నప్పుడు కూడా కండ పనిచేస్తుంది. ఎత్తలేనంత బరువుని కూడా నెమ్మదిగా దించగలదు. దబ్బున వదిలేస్తే ఆ సగం కష్టం గాలికి పోయినట్టే," అని చెబుతున్నాడు. వింటున్నవాడు అద్దంలో తన భుజం చూసుకుంటున్నాడు. వింటున్నది నిజానికి కిటికీ దగ్గర స్టూలెక్కిన కర్టెన్లావిడ.

టేపు చుట్టేసుకుని కిందకి దిగింది. "మాస్టారూ, నాకు దించడం నేర్పుతారా?"

"ఏం దించాలమ్మా?"

"మా ఆయన్ని."

మాస్టారు నవ్వబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. మర్నాటి నుంచి రమ్మన్నాడు.

పొద్దున్నే ఆయనకి కాఫీ పట్టించి, పక్కింటావిడకి ఒక మాట చెప్పి వెళ్లేది. చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని, ఇనుప బిళ్ల గుండెలకి హత్తుకుని, బల్ల మీద కూర్చోబోతున్నట్టు కిందకి దిగడం, మళ్లీ లేవడం. మొదట్లో తల ప్రాణం తోకకొచ్చేది. మెట్లు దిగుతుంటే మోకాళ్లు చెప్పినమాట వినేవి కావు. కుర్రాళ్లు మొదట నవ్వుకున్నారు, తర్వాత అలవాటుపడి పిన్నీ అని పిలవడం మొదలుపెట్టారు. కొన్ని వారాలకి మాస్టారు ఇంకా బరువైన బిళ్లకి మార్చాడు, ఇంకొన్నాళ్లకి మళ్లీ మార్చాడు. ఒంట్లోకి బలం వస్తోందని ఆవిడకే తెలిసింది. గుడ్డ తానుని ఒక్కతే భుజాన వేసుకుని మోసేస్తోంది.

ఆ బలం అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడకి నెమ్మది అంటే మోజు పట్టుకుంది. మాస్టారు నాలుగు అంటే ఆవిడ ఎనిమిది లెక్కపెట్టేది, ఆపైన పది, పన్నెండు. మిషను మీద సన్నకుట్టు వేసినట్టు ఇంత ఇంతగా దిగేది.

"నాలుగు చాలమ్మా," అనేవాడు మాస్టారు. "రెండయినా నాలుగయినా, ఆరయినా కండ ఒకేలా పెరుగుతుంది. మరీ సాగదీస్తే ఒరిగేదేం లేదు. అంత నెమ్మదిగా దిగాలంటే చిన్న బిళ్లే పట్టుకోవాలి. బలం పెరగాలంటే బిళ్ల పెరగాలి."

"నాకు ఆయన దబ్బున పడకపోతే చాలు మాస్టారూ, బిళ్లలతో నాకేం పని?"

నెమ్మదిని అంతగా నెత్తిన పెట్టుకున్న శిష్యురాలు మాస్టారుకి జన్మలో దొరకలేదు. మందలించాల్సినంత గట్టిగా మందలించలేదు. బిళ్ల అదే ఉండిపోయింది.

మాస్టారు ఇంకో మాట కూడా చెప్పాడు. కండ గాలికి పెరగదు, గుడ్లూ పాలూ తీసుకోవాలి, కడుపునిండా తినాలి అని. ఆవిడ ఇంటికొచ్చి ఆ మాట నవ్వుతూ చెప్పింది. ఆయన అది విని ఊరుకోలేదు. ఆ పూటే తన కంచంలోంచి గుడ్డు తీసి ఆవిడ కంచంలో వేశాడు.

"నాకు సగం ఒళ్లే పనిచేస్తోంది, సగం తిండి చాలు. మోసేది నువ్వు, నువ్వు తిను."

తర్వాత పాలు కూడా సగం ఆవిడ గ్లాసులోకే వచ్చేవి. ఆపైన అన్నం కూడా సగం తిని, "ఇంక సయించడం లేదోయ్, పారేస్తావా ఏంటి, నువ్వే తినేయ్," అనేవాడు. ఆవిడ తినేది. కసరత్తు చేసిన ఒళ్లు, ఆకలి నకనకలాడేది. పెళ్లయ్యాక ఆవిడ అంత తృప్తిగా తిన్నది అప్పుడే. ఆయన దిండుకి ఆనుకుని ఆవిడ తింటుంటే చూస్తూ కూర్చునేవాడు.

ఇంట్లో దభీమనే చప్పుడు ఆగిపోయింది. ఆవిడ ఆయన్ని లేపి, తిప్పి, కుర్చీ మీదకి దించుతుంటే ఆయన ఆవిడ చెవి దగ్గర అంకెలు లెక్కపెట్టేవాడు. మధ్యలో ఎక్కడంటే అక్కడ ఆపగలిగేది. "రెండో అంతస్తులో ఆపు, ఎవరో ఎక్కుతారట," అనేవాడు ఆయన. ఆవిడ నిజంగానే ఆపేది. ఇద్దరూ అలా గాల్లో సగం వంగి, ఒకరినొకరు పట్టుకుని నవ్వుకునేవారు. కూతురొచ్చి చూసి, అమ్మ జబ్బ పట్టుకుని నొక్కి, "గట్టిపడ్డావే," అంది. హోమ్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో సంతోషం ఉండేది. లేదంటే అబద్ధం చెప్పినట్టవుతుంది.

నడుము పట్టీ వదులైంది. ఆవిడ విప్పి, మడత వేసి, మళ్లీ కుట్టింది. కొన్నాళ్లకి మళ్లీ వదులైంది, మళ్లీ కుట్టింది. గుడ్డ సాగిందనుకుంది. ఏళ్ల తరబడి ఆ గుడ్డతోనే బతికిన మనిషి. ఎంత బరువైన కర్టెన్ వేలాడదీసినా ఆ గుడ్డ పిసరంత కూడా సాగదని వచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి అమ్మే మనిషి. ఆవిడ కూడా సాగిందనే అనుకుంది. ఆయన దుప్పటి మెడదాకా లాక్కుని ఉండేవాడు. చలి అనేవాడు.

ఒకరోజు వ్యాయామశాలలో చెమట తుడుచుకుంటూ ఆవిడ కాస్త గొప్పలకి పోయింది. "మీ పుణ్యమా అని, మాస్టారూ, మా ఆయన ఇప్పుడు దూదిమూటలా లేస్తున్నాడు."

మాస్టారు సంతోషించాడు. సంతోషిస్తూనే ఆవిడ చేతిలోని బిళ్ల వైపు చూశాడు. అది ఎప్పట్నుంచో ఉన్న బిళ్లే. "ఆయన బరువెంతన్నారమ్మా?"

ఆవిడ కంఠతా వచ్చిన అంకె చెప్పింది.

మాస్టారు ఆవిడ చేతిలోని బిళ్ల అందుకుని పక్కన పెట్టాడు. మూలనున్న గోతాం తెచ్చి, కాటా మీద పెట్టి, అంత బరువూ తూగేదాకా ఇసుక నింపి, మూతి కట్టి బల్ల మీద నిలబెట్టాడు. "దీన్ని ఆయన్ని లేపినట్టు లేపి, పక్క బల్ల మీదకి దించండి," అన్నాడు.

ఆవిడ హుషారుగా వెళ్లి గోతాన్ని కౌగిలించుకుంది. అది కదల్లేదు. ఇంకోసారి పట్టు మార్చి, ఊపిరి బిగబట్టి లాగింది. ఒక మూల కాస్త లేచిందే తప్ప బస్తా లేవలేదు.

"బస్తా కదా మాస్టారూ, జారుతోంది. మనిషైతే మెడ పట్టుకుంటాడు."

"పోనీ కాస్త తీద్దాం," అన్నాడు మాస్టారు. చిన్న చిప్పతో ఇసుక తీసి నేల మీద పోశాడు. ఆవిడ ప్రయత్నించింది. లేవలేదు. ఇంకాస్త తీశాడు. లేచింది గానీ దించేటప్పుడు దబ్బున జారిపోయింది. ఇంకాస్త తీశాడు. ఈసారి గోతాం నెమ్మదిగా లేచింది, తిరిగింది, పన్నెండు అంకెల మీద పక్క బల్ల మీదకి దిగింది.

"ఇదీ," అంది ఆవిడ మొహం విప్పారి. "ఇదే మాస్టారూ. మా ఆయన సరిగ్గా ఇంతే ఉంటాడు."

 మాస్టారు కాటా వైపు చూడలేదు. ఆయన చూపు ఎక్కడుందో ఆవిడ అక్కడికే చూసింది. నేల మీద ఇసుక పోగు పడి ఉంది. చిన్న పోగేం కాదు. జానెడు ఎత్తున, మనిషి ఒళ్లో కూర్చున్న పిల్లంత ఉంది. ఆవిడ దాన్నే చూస్తూ ఉండిపోయింది. తన కంచంలోకి వచ్చిన గుడ్లన్నీ, పాలన్నీ, సయించని అన్నమంతా అక్కడ కుప్పబోసినట్టు కనబడింది. బలం తన చేతుల్లోకి వచ్చిందనుకుంది. వచ్చింది కొంచెమే. మిగతాదంతా ఆయన ఒంట్లోంచి పోయింది.

ఇంటికి ఎలా వచ్చిందో ఆవిడకి తెలియదు. వచ్చీరాగానే దుప్పటి లాగేసింది. రోజూ స్నానం చేయించే ఒళ్లే, రోజూ చూసే పక్కటెముకలే. కానీ చూడటం అదే మొదటిసారి.

"ఎందుకిలా చేశారు?"

 ఆయన ఎడంచేత్తో దుప్పటి పైకి లాక్కుని, ఎప్పటిలా తేలిగ్గానే అన్నాడు. "లిఫ్టులో బరువెక్కువై గంట మోగుతుంటే ఏం చేస్తాం? ఎవరో ఒకరు దిగుతాం. అందరూ మొహమాటపడి నిలబడితే అది కదలదు."

"మిమ్మల్ని ఎవరు దిగమన్నారు?"

"తక్కువ తినుంటే బాగుండేదని నువ్వే అన్నావుగా."

ఆయన నవ్వుతూనే అన్నాడు. ఆవిడ మంచం పక్కన నేల మీద కూలబడి, ఆ పడిపోయిన చేతిని మొహానికి అదుముకుని ఏడ్చింది. ఆ చేతికి ఆవిడ కన్నీళ్లు తగిలిన సంగతి కూడా తెలియలేదు.

ఆ పూట నుంచి ఆవిడ ముందు ఆయనకి పెట్టి, ఆయన తిన్నాకే తను తిన్నది. ఆయన కూడా బుద్ధిగా నోరు తెరిచాడు. కానీ అలవాటు తప్పిన కడుపు మొరాయించింది. తిన్నది సగం బయటికొచ్చేది. డాక్టరు చూసి, ఒళ్లు బాగా చిక్కిపోయిందనీ ఈ మనిషి ఒక జ్వరానికి కూడా తట్టుకోలేడనీ చెప్పాడు. కూతురు విని తల్లిని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆవిడకి ఎన్నోసార్లు అనిపించింది.

ఆవిడ వ్యాయామశాల మానలేదు. మానేసిందనుకుని మాస్టారు ఆశ వదులుకుంటే మర్నాడే వచ్చి నిలబడింది. "ఆయన మళ్లీ ఒళ్లు చేసేసరికి నేను తయారుగా ఉండాలి," అంది. ఇప్పుడు నాలుగంటే నాలుగే అంకెలు. వారానికోసారి మాస్టారు గోతాంలోకి ఇంత ఇసుక తిరిగి పోసేవాడు. ఆ రోజు నేల మీంచి ఎత్తి బాల్చీలో దాచిన ఇసుక తగ్గుతూ వచ్చింది. ఇక్కడ గోతాం బరువెక్కుతోంది, అక్కడ మంచంలో మనిషి ఇంకా తేలికవుతున్నాడు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసినా వచ్చేది.

చలి ముదిరినప్పుడు ఆయనకి జ్వరం వచ్చింది. డాక్టరు చెప్పినట్టే జరిగింది. ఆయన ఆ ఇంట్లోనే, ఆ మంచం మీదే పోయాడు. కుర్చీ తప్పిన ఆ మధ్యాహ్నం తర్వాత ఆయన మళ్లీ ఒక్కసారి కూడా కింద పడలేదు. ఆవిడ మనసులో అనుకున్న మాట నిలబెట్టుకుంది. దాన్ని ఏం చేసుకోవాలో ఆవిడకి తెలియలేదు.

కొన్ని వారాలు మిషను చప్పుడు వినిపించలేదు. తర్వాత ఒక పొద్దున ఆవిడ సైకిళ్ల షాపు మెట్లెక్కింది. కుర్రాళ్లు ఇనుము కింద పెట్టేశారు, ఈసారి చప్పుడు కాకుండా.

"ఆ బాల్చీలో ఇసుక ఇంకా ఉందా మాస్టారూ?"

"ఉందమ్మా. కాస్తే మిగిలింది."

"అంతా పోసేయండి."

మాస్టారు గోతాం తూకమేసి, మూతి కట్టి, బల్ల మీద నిలబెట్టాడు. అదే పాత అంకె. ఆవిడ కొంగు దోపుకుని వంగింది, రెండు చేతులూ చుట్టూ వేసి, గోతానికి చెంప ఆనించి లేపింది. లేచింది. ఒక్కో అడుగూ వేస్తూ తిరిగింది.  ఆవిడే తనలో తను లెక్కపెట్టుకుంటూ, ఎక్కడా వణక్కుండా, ఎక్కడా సడలకుండా, దాన్ని పక్క బల్ల మీదకి దించింది. దించాక చేతులు తీసేయలేదు. అది కుడిపక్కకి ఒరిగిపోకుండా కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది.